తలుపు వెనక పేరు

అనకాపల్లి,
నవంబరు 16

గంగాభవాని అత్తకి,

నీ మేనకోడలు బిందుమాధవి నమస్కరించి రాస్తున్నది. బంగారయ్య తాత పెద్దకర్మ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. మామయ్య ఎప్పుడో పోయాడు, ఇప్పుడు ఆయన చిన్నాన్న కూడా పోయాడు. నిన్ను గానుగ పాకలో ఒక్కదాన్నీ వదిలి బస్సెక్కడం నాకేమీ బాగాలేదు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. ముప్పై ఏళ్లు గానుగ ఇంజను పక్కన నిలబడ్డ చెవులు కదా! మెసేజి పెడితే "చీమల బారులా ఉంది" అని పక్కన పడేస్తావు. అందుకే ఉత్తరం. కవరు అడిగితే పోస్టాఫీసు ఆయన నన్ను వింతగా చూశాడు.

ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. జనంలో సరిగ్గా చెప్పలేకపోయాను. డిగ్రీ కాలేజీలో లెక్చరర్నయి మూడు నెలలైంది. నలభై రెండు మంది పిల్లలు. "మేడం" అని లేచి నిలబడితే నాకు ఒక అడుగు పొడుగు పెరిగినట్టుంటుంది. ఆ పొడుగు మొన్న కాస్త తగ్గింది.

లింక్డ్ లిస్ట్ అనే పాఠం మొదలుపెట్టాను. పెట్టెల గొలుసు అనుకో. ఒక్కో పెట్టెకి రెండు గదులు. మొదటి గదిలో దాని సొంత సామాను, రెండో గదిలో తర్వాతి పెట్టె ఎక్కడుందో ఆ చిరునామా. పెట్టెలన్నీ ఒకచోట ఉండవు, తలో మూలా ఉంటాయి. మన దగ్గర ఉండేది మొదటి పెట్టె చిరునామా ఒక్కటే. దాన్ని పట్టుకుని రెండోదానికి, అక్కణ్నుంచి మూడోదానికి పోవాలి. ఆఖరి పెట్టెలో రెండో గది ఖాళీ. దాన్ని నల్ అంటాం.

ఇంతవరకూ బాగానే చెప్పాను. గొలుగొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే దేవిశ్రీ అనే పిల్ల లేచింది. "మేడం, ఒకటి, రెండు, మూడని నంబర్లేసి వరసగా పెట్టెత్తే సరిపోద్ది గదా. ఈ తిప్పలేటి?" అంది. క్లాసంతా నవ్వింది. నేనేమన్నానో తెలుసా? "సిలబస్‌లో ఉంది, నేర్చుకోండి" అన్నాను. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

గానుగలో చెరకు ఆట మొదలైందా? నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

బిందు

•

గానుగ పాక, చీడికాడ దారి,
నవంబరు 24

చిరంజీవి బిందుకి అత్త దీవెనలు.

సిలబస్‌లో ఉందని చెప్పావా? సిగ్గులేదూ! నేను పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఆ ఏడు మా బళ్లో ఫస్టు క్లాసు నాదొక్కదానిదే. ఈ సంగతి నీకు ఇంతకుముందు చెప్పానో లేదో. మా మాస్టారు ఒక్కనాడూ పిల్లలకి అలాంటి జవాబు చెప్పలేదు.

నీ పెట్టెల గొలుసు సంగతి రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక నవ్వొచ్చింది. మీ చేను పోయిన పన్నెండేళ్లకే అంతా మర్చిపోయావా? మీ ఇంటి తలుపు వెనక కూడా ఉండేది కదే!

బంగారయ్య చినమామ దసరా వెళ్లగానే ఏం చేసేవాడు? పదిహేడు ఇళ్లవాళ్ల చేలూ తిరిగి, ఒక్కో చేలో ఒక్కో గడ విరిచి, కొరికి, కళ్లు మూసుకుని నమిలేవాడు. ఎవరి చెరకు ముందు పండిందో, ఎవరిది వెనకో ఆయన నాలుకకి తెలుసు. తర్వాత సుద్దముక్క పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, తలుపు వెనక ఒక్క పేరు రాసేవాడు. నీ తర్వాత ఆడేది ఫలానా వాళ్లని. అంతే. తలుపు తీసి ఉంటే ఆ పేరు గోడవైపుంటుంది, వచ్చేపోయేవాళ్లకి కనపడదు. ఇంటివాళ్లని అడిగితే చెబుతారు. మనం పోయి తలుపు తిప్పి చూడకూడదు, అది మర్యాద కాదు. ఆఖరి ఇంటి తలుపు వెనక సున్నా చుట్టేవాడు. నాకు మొదటి ఇంటి పేరు ఒక్కటే చెప్పేవాడు.

ఒక ఇంటివాళ్ల ఆట అయిపోగానే, ఆఖరి పెనంలోంచి వేడి బెల్లం ముద్ద తీసి, అడ్డాకులో చుట్టి, తలుపు వెనకున్న పేరుగల ఇంటికి పంపుతారు. ముద్ద అందితే వంతు అందినట్టే. మర్నాడు పొద్దున్నే వాళ్ల చేలో కత్తి పడుతుంది. ముద్ద వచ్చేదాకా తమ ముందు ఎవరున్నారో వాళ్లకీ తెలీదు.

ఇక ఆ గొలుగొండ పిల్లకి జవాబు. మీ మామయ్య కూడా ఒక ఏడు తెలివి చూపించాడు. పాక గోడ మీద ఒకటి నుంచి పదిహేడు దాకా నంబర్లేసి పేర్లు రాశాడు. నాలుగో ఇంట్లో మైల వచ్చింది, వాళ్లని ఆఖరికి జరిపాం. అంతే! ఐదు నాలుగైంది, ఆరు ఐదైంది. పదమూడు ఇళ్ల నంబర్లు మారిపోయాయి. కూలీలని మాట్లాడుకున్నవాళ్లు, బండి మాట్లాడుకున్నవాళ్లు అందరూ నా మీదికే వచ్చారు. అదే తలుపుల పద్ధతయితే రెండు మూడు తలుపుల మీద పేరు మారిస్తే తీరిపోయేది. మిగతావాళ్ల నిద్ర చెడేది కాదు. పోయి ఆ పిల్లకి చెప్పు.

ఈ ఏడు కూడా చినమామ పదిహేడు తలుపుల మీదా రాసేసి, ఆ తర్వాతే మంచం పట్టాడు. ఇది ఆయన చివరి వరస. మెయిన్ రోడ్డు మీద పెద్ద చెరకు క్రషర్ పెట్టినవాళ్లు మన రైతులని రోజూ పిలుస్తూనే ఉన్నారు. ఒక్కరూ పోలేదు. ఆయన వరస ఒక్క ముద్ద కూడా తప్పకుండా ఆఖరి దాకా నడిపిస్తాను. తప్పిందా, గానుగ ఆపేసి తాళం వేస్తాను. ఆయన దినాల్లో అందరి ముందూ ఈ మాట అన్నాను. నా మాట సంగతి నీకు తెలుసు.

గంగాభవాని

•

అనకాపల్లి,
డిసెంబరు 3

అత్తా,

నువ్వు మామూలు దానివి కాదు. నీ ఉత్తరం క్లాసులో చదివాను. ఫస్టు క్లాసు మాట కూడా వదల్లేదు. బోర్డు మీద పెట్టెలకి బదులు పదిహేడు ఇళ్లు గీశాను, ఒక్కో ఇంటికీ ఒక తలుపు. నలభై రెండు మందికీ అర్థమైంది. దేవిశ్రీ అడిగింది, "మీ అత్తగారు ఏ కాలేజీలో సెప్తారు మేడం?" అని. గానుగ కాలేజీ అన్నాను.

మన ఇళ్లన్నీ ఒకే రకం కదా, ఒక గుమ్మం, ఒక తలుపు, తలుపు వెనక ఒక పేరు. ఆ నమూనాని మేము క్లాస్ అంటాం. ఆ నమూనాలో కట్టిన ఒక్కో ఇల్లూ ఒక ఆబ్జెక్ట్. తలుపు తిప్పకూడదు, అడిగితేనే చెబుతారన్నావే, దానికి మా దగ్గర ప్రైవేట్ అని పేరు. నీ చేతిలో ఉన్న మొదటి ఇంటి పేరు హెడ్. నువ్వు ముప్పై ఏళ్లుగా చేస్తున్నదే నేను మూడు నెలలుగా చెబుతున్నాను.

కొత్త ఇంటిని మధ్యలో చేర్చాలంటే రెండే పనులు. ముందింటి తలుపు మీద పాత పేరు చెరిపించి కొత్తవాళ్ల పేరు రాయాలి. తర్వాత కొత్తవాళ్ల తలుపు మీద ఆ పాత పేరు రాయాలి. అయిపోయింది. ఎప్పుడైనా అవసరమైతే ఇలాగే చెయ్యి, లెక్చరర్ చెప్పిందని ధైర్యంగా చెయ్యి.

తీసేయడం ఇంకా తేలిక. తీసేసే ఇంటి తలుపు వెనకున్న పేరు తెలుసుకుని, దాని ముందింటి తలుపు మీద రాస్తే చాలు. తీసేసిన ఇంటికి కబురు కూడా అక్కర్లేదు. అది అక్కడే ఉంటుంది, దాని తలుపు వెనక పేరూ ఉంటుంది, కాని దాని పేరు ఏ తలుపు మీదా ఉండదు. అలా ఎవరూ చూపించని దాన్ని కంప్యూటర్ కొన్నాళ్లకి చెత్తతో పాటు ఊడ్చేస్తుంది.

ఇది చెబుతుంటే మా ఇల్లే గుర్తొచ్చింది అత్తా. మా పొలం రోడ్డు కోసం తీసేసుకున్న ఏడు నాకు పద్నాలుగేళ్లు. అంతకుముందు ఏడు ముద్ద మాకు తెచ్చినవాళ్లు ఆ ఏడూ వస్తున్నారు, అడ్డాకు పొట్లం కనిపిస్తోంది. నేను గిన్నె కడుక్కుని అరుగు మీద కూర్చున్నాను. మా ఇల్లు దాటి పక్కింటికి వెళ్లిపోయారు. నాన్న "లోపలికి రా" అన్నాడు, అంతే. మర్చిపోయావా అని అడిగావు. నేనేమీ మర్చిపోలేదు.

బిందు

•

గానుగ పాక,
డిసెంబరు 14

బిందుకి,

ఈ ఉత్తరం బెల్లం వ్యానులో పంపుతున్నాను. వ్యాను రేపు పొద్దున్న అక్కడ మార్కెట్టులో ఉంటుంది, సాయంత్రం తిరిగొస్తుంది. దాంట్లోనే జవాబు రావాలి.

మొన్నటి తుపాను గాలికి కన్నబాబు చేను మొత్తం పడిపోయింది. అతను మన పదిహేడు ఇళ్లలోనివాడు కాదు, ఈ ఏడే కౌలుకి చేశాడు. పడిన చెరకు వెంటనే ఆడకపోతే రసం పులుస్తుంది. వచ్చి ఏడ్చాడు. చేరుస్తానన్నాను. అప్పటికి ఆరిళ్ల ఆట అయిపోయింది, ఏడోది అప్పారావు మామది నడుస్తోంది. ఆయన తర్వాత కన్నబాబుని పెట్టాలనుకున్నాను.

నీ ఉత్తరం వెంట పెట్టుకుని, చదివి మరీ చేశాను. అప్పారావు మామని పాత పేరు చెరిపేయమన్నాను. ఆయన తడిగుడ్డతో తలుపు కడిగినంత పని చేశాడు. నేను వెళ్లి కన్నబాబు పేరు రాశాను. అక్కణ్నుంచి కన్నబాబు ఇంటికి వెళ్లి, తలుపు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. ఏ పేరు రాయాలి?

వెనక్కి పరిగెత్తాను. "పాత పేరు ఎవరిది మామా?" అంటే, "సెరిపెయ్యమన్నావు, సెరిపేసేను. ఏటి రాసుందో నాకేటి తెలుసు తల్లీ? నాకు అచ్చరాలొచ్చా? ముద్ద పంపినప్పుడు ఎవుల్చేతైనా సదివించుకుందునని ఉంచేను" అన్నాడు. ఇంట్లో ఆయనా, ఆయన భార్యా. ఆవిడకీ చదువు రాదు.

ఇంకా పదిళ్లు మిగిలి ఉన్నాయి. ఆ పదింటిలో ముందు ఎవరో చెప్పగలిగిన మనిషి శ్మశానానికి వెళ్లి నెల దాటింది. పదిమందీ "నాదే అయ్యుంటాది" అంటున్నారు. నిన్న పెద్ద క్రషర్ వాళ్ల మనిషి మోటారు సైకిలు మీద వచ్చి, పాక ముందు ఆగి, నవ్వి వెళ్లాడు. కన్నబాబు ఆట ఐదారు రోజుల్లో అయిపోతుంది. అప్పటికి ముద్ద ఎవరికి పంపాలో తెలియకపోతే తాళం వేస్తాను. చీట్లు వేద్దామన్నారు. చినమామ నాలుకని చీట్లతో తూచమంటారా!

నా మేనకోడలు లెక్చరర్ అని ఊరంతా చెప్పుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోమంటావా?

నీ ఉత్తరం చివర రాసిన సంగతికి ఇప్పుడు జవాబు రాయను.

గంగాభవాని

•

అనకాపల్లి,
డిసెంబరు 15

అత్తా,

తప్పు నాది. అప్పారావు తాతది కాదు, నీది అసలే కాదు. నేను ఆ రెండు పనులూ తలకిందులుగా రాశాను. ముందు అప్పారావు తాత తలుపు మీదున్న పేరు కన్నబాబు తలుపు మీద రాయాలి. రెండు తలుపుల మీదా అదే పేరు ఉన్నాక, అప్పుడు చెరపాలి. కొత్త చెయ్యి పట్టుకోకుండా పాత చెయ్యి వదిలితే వెనకున్నదంతా పోతుంది. మొదటి సంవత్సరంలో మాకు మొట్టమొదట చెప్పే మాట ఇది. తెలిసి కూడా నీకు గొప్పగా రాయాలన్న తొందరలో తప్పు రాశాను.

నీ ఉత్తరం పొద్దున్న మార్కెట్టులో అందింది, తొమ్మిదిన్నరకి క్లాసు. బోర్డు మీద పదిహేడు తలుపులు గీశాను. ఎనిమిదో తలుపు వైపు వెళ్లే గీత చెరిపేశాను. ఇది పుస్తకంలో లెక్క కాదు, నా వల్ల మా అత్త గానుగకి వచ్చిన కష్టం అని చెప్పాను. మూడు నెలలు సంపాదించుకున్న పొడుగు అంతా పోతుందనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు.

చెరకు ఇళ్ల పిల్లలే సగం మంది. తలా ఒకటి అన్నారు. చివరికి దేవిశ్రీ లేచింది. "పదిళ్లోళ్లనీ ఆళ్ల తలుపెనక పేరేటో అడగండి మేడం. ఆఖరోళ్లకి సున్నా ఉంటాది. తొమ్మిది పేర్లొత్తాయి. పదిళ్లలో ఏ పేరైతే ఎవులూ సెప్పలేదో, ఆళ్లే మొదలు. ఆళ్ల పేరు అప్పారావుగారి తలుపు మీదే ఉండేది గదా, అది సెరిగిపోయింది" అంది.

నేను పొద్దున్నుంచీ చెరిగిపోయిన పేరు కోసమే వెతుకుతున్నాను. ఆ పిల్ల మిగిలినవాటిని చూసింది.

తలుపులు తిప్పొద్దు. ఇంటివాళ్లనే అడుగు. వరస పోలేదు అత్తా, దాని కొస ఒక్కటే చేజారింది. తాళం వేయకు.

బిందు

•

గానుగ పాక,
డిసెంబరు 20

నా బంగారు తల్లి బిందుకి,

ముందు ఈ మాట రాయనీ. వరస దొరికింది.

పదిళ్లవాళ్లనీ పాక దగ్గరికి పిలిచాను. రహస్యంగా చెప్పాలి కదా, ఒక్కొక్కరే వచ్చి నా చెవిలో గొణిగారు. నాకేం వినపడుతుంది! గట్టిగా అరిస్తే పెద్ద క్రషర్ దాకా వినపడుతుంది. అందుకని ఒక పలక పెట్టాను. రాసి చూపించడం, చెరపడం. రాయడం రానివాళ్లు ఇంటికి వెళ్లి తలుపు మీది అక్షరాలు చూసి, కాగితం మీద గీసుకొచ్చారు. నేను పదిమంది పేర్లూ పక్కన రాసుకుని, వచ్చిన పేరు వచ్చినట్టు కొట్టేస్తూ పోయాను.

ఒక్క పేరు మిగిలింది. అప్పలకొండమ్మ. మొగుడు పోయాక ఒంటరిగా చేను చేస్తున్న మనిషి. నేను ఆ పేరు బయటికి చదవగానే ఆవిడ మొహం మాడిపోయింది. "ఇంతమందిలో నా పేరు ఎవులూ సెప్పలేదా?" అంది. "చెప్పకపోవడమే నీ గొప్పే, నువ్వే మొదలు" అన్నాను. అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కొంగు నడుముకి చుట్టి, "ఏదీ ఆ ముద్ద?" అంది. నిన్న కన్నబాబు ముద్ద పట్టుకెళ్లాడు. ఇవాళ పొద్దున్న ఆవిడ చేలో కత్తి పడింది. ఒక గడ తెచ్చి ఇస్తే నేనూ కొరికాను. పాకానికి సరిగ్గా వచ్చి ఉంది, పచ్చీ కాదు, ముదురూ కాదు. చినమామ నాలుక అబద్ధం చెప్పదు.

ఆ గొలుగొండ పిల్లకి నేను ఫస్టు క్లాసు ఇచ్చానని చెప్పు. నలభై రెండు మంది ముందు తప్పు నాదని చెప్పినందుకు నీకూ ఇస్తున్నాను. లెక్చరర్ అన్న మాట వెనక్కి తీసుకోను, ఇంకా గట్టిగా చెప్పుకుంటాను.

ఇప్పుడు నీ పాత ఉత్తరానికి జవాబు. పన్నెండేళ్ల కిందట మీ ఇల్లు దాటేయమన్నది నేనే. చినమామ ఒప్పుకోలేదు. "సేను పోతే ఇల్లు పోయినట్టేనేటి?" అన్నాడు. చెరకు లేనివాళ్లకి వంతెందుకని నేను వాదించి నెగ్గాను. సొంత అన్నయ్య మీద పక్షపాతం చూపించిందని ఎవరూ అనకూడదని నా పట్టుదల. నువ్వు గిన్నెతో అరుగు మీద కూర్చున్నావని నాకు తెలీదు. తెలిస్తే ఏం చేసేదాన్నో చెప్పలేను. తప్పు చేశాననే రాస్తున్నాను.

ఇంకొక్కటి. ఆఖరి ఇల్లు చిన్నబాబుది. అతని పలక మీద సున్నా లేదు. ఏముందో ఇప్పుడు చెప్పను.

అత్త

•

గానుగ పాక,
ఫిబ్రవరి 17

బిందుకి,

ఇవాళ చిన్నబాబు ఆట అయిపోయింది. పదిహేడు ఇళ్లూ, కన్నబాబూ, ఒక్క ముద్ద తప్పలేదు. తాళం కప్ప తుప్పు పట్టిపోయింది, పారేశాను. వచ్చే ఏడు గడలు కొరికి చూడటానికి అప్పలకొండమ్మని అందరూ ఒప్పుకున్నారు.

ఈ ఉత్తరం తెచ్చింది చిన్నబాబే. అతని చేతిలో ఇంకో పొట్లం ఉంటుంది. అతని తలుపు వెనక చినమామ చేత్తో రాసింది నేను కూడా వెళ్లి చూశాను, అడిగే చూశానులే. "బిందు, అనకాపల్లి" అని ఉంది. పోయిన దసరాకి రాసి, చిన్నబాబుతో ఏమన్నాడంటే, "సేను లేపోతే ఏటి, పిల్లుంది గదా. పదిమందికి సదువు సెప్పే పిల్ల. దానికీ వంతు రావాల. భవానికి సెప్పకు, వాదిత్తాది."

ఈసారి వాదించలేదు. తీసుకో.

అత్త

•

అనకాపల్లి,
ఫిబ్రవరి 20

అత్తా,

చిన్నబాబు మావయ్య వచ్చేసరికి నేను పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. తలుపు తీసింది నాన్న. అడ్డాకు పొట్లం చూశాడు. వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. కుళాయి చప్పుడు వినిపించింది. గిన్నె కడిగి తెచ్చి నా చేతిలో పెట్టి, "పట్టు. నీ వంతు" అన్నాడు. ఈ పన్నెండేళ్లలో నాన్న గానుగ మాట ఎత్తడం అదే మొదటిసారి.

నాకు ఎంత గర్వంగా ఉందో రాయడం నాకు రాదు. డిగ్రీ పట్టా తీసుకున్న రోజు కూడా ఇలా లేదు. మర్నాడు ముద్ద కాలేజీకి తీసుకెళ్లాను. నలభై రెండు మందికి పంచితే చిటికెడు చిటికెడు వచ్చింది. దేవిశ్రీకి మాత్రం రెండు చిటికెలు ఇచ్చాను.

ఇంటికొచ్చి మన తలుపు వెనక సుద్దముక్కతో రాశాను. సున్నా చుట్టలేదు, ఒక పేరు రాశాను. ఎవరిదో తెలుసుకోవాలంటే నువ్వే రావాలి. అడిగితే చెబుతాను. తలుపు మాత్రం తిప్పకూడదు.

బిందుమాధవి